ఉల్లిపాయల వల

ఆ చెరువులో ఒకప్పుడు ఎంతటి చేపలుండేవంటే, ఒక్కదాన్ని బయటికి లాగితే నీళ్లు జానెడు దిగిపోయేవి. తలకాయ ఇంటికి చేరి పొయ్యి మీద ఉడుకుతుంటే తోక ఇంకా ఒడ్డునే టపటపా కొట్టుకుంటూ ఉండేది. ఒకసారి ఒకాయన చేప వీపుని దిబ్బ అనుకుని దానికి పడవ కట్టేసి కునుకు తీశాడు, లేచి చూసేసరికి ఆవలి ఒడ్డున ఉన్నాడు. ఇందులో అబద్ధం ఎంతుందో వెతకాల్సిన పని లేదు, ఎందుకంటే ఇవన్నీ బడిలో చెప్పిన పాఠాలు. చెప్పింది వల అల్లిక నేర్పే మాస్టారు.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఊరు మాత్రం ఆయన్ని బద్ద మాస్టారనే పిలిచేది. బద్ద అంటే మరేం కాదు, అరచేతిలో ఇమిడే పలచటి చెక్కముక్క. వల అల్లేటప్పుడు దారాన్ని దాని చుట్టూ తిప్పి ముడి వేస్తారు. బద్ద ఎంత వెడల్పుంటే వల కన్ను అంత వస్తుంది. కన్ను పెద్దదైతే పిల్ల చేప తోక ఊపుకుంటూ జారిపోతుంది, పెరిగి, గుడ్లు పెట్టి, ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా దొరుకుతుంది. కన్ను చిన్నదైతే తాతా మనవడూ ఒకే బుట్టలోకి వస్తారు. కొన్నాళ్లు బుట్ట నిండుతుంది, ఆపైన బుట్టే మిగులుతుంది.

మాస్టారి తాతల కాలంలో అలాగే బుట్టే మిగిలింది. చెరువు ఖాళీ అయింది, ఊరు సగం ఖాళీ అయింది. మిగిలిన సగం ఒకచోట కూర్చుంటే, ఒక ముసలావిడ లేచి తన మూడు వేళ్లు పక్కపక్కన చేర్చి చూపించింది. ఆ వెడల్పుకి ఒక బద్ద చెక్కించి, దానికి తల్లి బద్ద అని పేరు పెట్టి, బడి గోడకి తగిలించారు. ఎవరింట్లోనో పెడితే ఆ ఇంటివాళ్ల సొత్తవుతుంది, బడిలో పెడితే ఇంకా పుట్టనివాళ్లది కూడా అవుతుందని వాళ్ల లెక్క.

అప్పట్నుంచి ఆ బడిలో పై తరగతి దాటే పిల్లలు, ఆడా మగా ప్రతి ఒక్కరూ, తల్లి బద్ద మీద పెట్టి గీత గీసుకుని తమ బద్ద తామే చెక్కుకోవాలి. దాన్ని బద్దల రోజు అంటారు. తల్లి బద్ద అరిగినా పగిలినా కొత్తది చేయిస్తారు. అలా కొత్తది వచ్చినప్పుడు ఊళ్లో ఉన్న పాత బద్దలన్నీ తెచ్చి ఒకే పొయ్యిలో వేసి, ఆ మంట మీద టీ కాచుకుని అందరూ తాగుతారు. తర్వాత అందరూ కొత్తదాని మీద గీసుకుని మళ్లీ చెక్కుకుంటారు, ఊళ్లో రెండు కొలతలు ఉండకూడదని. ఇంకో కట్టడి కూడా ఉంది. తల్లి బద్దతో దేన్నయినా కొలవొచ్చు గానీ, తల్లి బద్దను మాత్రం ఎవరూ కొలవకూడదు. "తల్లిని కొలుస్తారట్రా వెధవల్లారా?" అని పెద్దవాళ్లు కసిరేవారు. మాస్టారూ అలాగే కసిరారు, జీవితమంతా.

ఆ తల్లి బద్దలు చేసేది ఆయన బావమరిది. వడ్రంగి. బడి వెనకే దుకాణం. చిన్నప్పుడు మాస్టారి దగ్గరే వల అల్లిక నేర్చుకున్నాడు, తర్వాత మాస్టారికి అక్కనిచ్చాడు, ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ ఆయన్ని ఆటపట్టించడం తన రెండో వృత్తిగా పెట్టుకున్నాడు.

"మా అక్కని నీకిచ్చిన రోజే తేలిపోయింది బావా, మా ఇంట్లో తెలివి తక్కువని."

"తక్కువవదురా మరి? ఉన్న తెలివంతా అదేరోజు మా ఇంటికొచ్చేసిందిగా!"

ఇద్దరి నవ్వులకీ వీధి చివర కుక్క మొరిగేది.

ఆ ఏడు చెరువులో చేప బాగా తగ్గింది. అంతకు ముందేడూ తగ్గింది. దాంతో చేపల శాఖ నుంచి ఒక చదువుకున్న అమ్మాయి వచ్చి, ఐసు షెడ్డు మీద గది తీసుకుని దిగింది. ఊరు ఆమెకి చేపల మేడమ్ అని పేరు పెట్టింది. ఆమె ఒడ్డున ఆరేసిన వలలన్నీ ఇనప కొలబద్దతో కొలుచుకుంటూ, ఒకరోజు నేరుగా మాస్టారి క్లాసుకే వచ్చేసింది.

"మాస్టారూ, మీరు మూడు వేళ్ల కన్ను అని చెప్తున్నారు. కానీ ఇక్కడ వలల కన్ను అంత లేదండీ. చాలా తక్కువుంది."

మాస్టారు క్లాసువైపు తిరిగి కన్ను గీటారు. "అమ్మాయ్, నువ్వు కొలిచింది తడిసిన వలనేమో. తడిస్తే దారం ముడుచుకుంటుంది. కావాలంటే నువ్వూ ఒకసారి చెరువులో మునిగి కొలుచుకో, నాలుగంగుళాలు తగ్గుతావు."

క్లాసు గొల్లుమంది. వరండాలో పిల్లల కోసం నిలబడ్డ తండ్రులు కూడా నవ్వారు. పిల్లలకంటే వాళ్లే ఎక్కువ నవ్వారు. ఎందుకంతలా నవ్వారో మాస్టారికి అప్పుడు తట్టలేదు. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. కొలబద్ద సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

బద్దల రోజు దగ్గర పడింది. పైగా తల్లి బద్ద కొస దగ్గర బీట వారింది కాబట్టి, కొత్త తల్లి బద్ద కూడా అదే రోజు గోడకెక్కాలి. బావమరిది చెక్క ఎంచుకుని పని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య వంటింట్లోంచి కేకేసింది.

"ఏమండీ, ఉల్లిపాయల వల చిరిగిపోయింది. కొత్తది అల్లి పెట్టండి."

ఆ ఉల్లిపాయల వలకో చరిత్ర ఉంది. మాస్టారు చిన్నప్పుడు బడిలో అల్లిన మొట్టమొదటి వల అది. ముడులు వంకరటింకరగా ఉన్నాయని వాళ్ల నాన్న దాన్ని చెరువు మొహం చూడనివ్వలేదు. నీళ్లు తగల్లేదు కాబట్టి చివకలేదు. ఆయనతోపాటే పెరిగి, పెళ్లయ్యాక వంటింటి మూల మేకుకి స్థిరపడింది. పెద్ద ఉల్లిపాయలు అందులో బుద్ధిగా కూర్చునేవి. గోలీకాయంతవి మాత్రం కన్నులోంచి జారి వంటింట్లో దొర్లేవి. వాటి మీద కాలేసి జారినప్పుడల్లా మాస్టారు, "చూశావా, నా పాఠం చేపలకే కాదు, ఉల్లిపాయలకీ వంటబట్టింది! చిన్నవి పోయి, పెద్దవయ్యాక రమ్మన్నాను" అనేవారు. భార్య వినీ వినీ నవ్వడం మానేసి చాలాకాలమైంది. పక్కన బావమరిది ఉంటే వాడొక్కడూ నవ్వేవాడు.

మాస్టారు తన బద్ద తీసుకుని వరండాలో కూర్చున్నారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన అల్లడం మానేశారు. క్లాసులో మాటలు ఆయనవి, ముడులు పెద్ద పిల్లలవి. ఇప్పుడు వేళ్లకి పాత పని దొరికేసరికి అవి వణకడం మర్చిపోయాయి. వల పూర్తయింది. ముడులు ఈసారి ముత్యాల్లా వచ్చాయి. ఉల్లిపాయలు పోసి మేకుకి తగిలించి, వాళ్ల నాన్న ఉంటే చూపిద్దుననుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆయన వంటింట్లో అలవాటు ప్రకారం కాళ్లు చూసుకుంటూ నడిచారు. కింద ఏమీ లేదు.

"ఏమే, ఉల్లిపాయలు రాలట్లేదేంటి?"

"రాలకపోతే మంచిదేగా." ఆవిడ పొయ్యివైపే చూస్తూ అంది.

"పాపం, కొత్తిల్లు నచ్చినట్టుంది వాటికి." అలా అంటూనే మాస్టారు వలలోంచి గోలీకాయంత ఉల్లిపాయ ఒకటి వేలితో నొక్కి చూశారు. రాలేదు. గట్టిగా తోశారు. తొక్క ఊడింది గానీ ఉల్లిపాయ కదల్లేదు. కన్నులో మూడు వేళ్లు పెట్టి చూశారు. రెండు దూరాయి. మూడోది బయట నిలబడింది, పిలవని చుట్టంలా.

వయసొచ్చి వేళ్లు లావెక్కాయేమోననుకున్నారు. పాత వల తలుపు వెనక కొక్కేనికి మడతపెట్టి ఉంది. తీసి అందులో వేళ్లు పెట్టారు. అవే మూడు వేళ్లు నూనె రాసినట్టు దూరిపోయాయి. తన బద్ద తెచ్చి పాత వల కన్నులో పెట్టారు. అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా వేలాడింది.

ఆయన ముందుగా అనుమానించింది తనని. 'నా బద్ద నేనే తప్పు చెక్కుకుని ఉంటాను, పరధ్యానంగా.' ఆ మాట అనుకోగానే ఎంత హాయిగా ఉందంటే, పాత వల సంచిలో పెట్టుకుని బడికి దాదాపు పరిగెత్తారు. బడికి సెలవు. ఖాళీ గదిలో బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. గోడ మీంచి తల్లి బద్దని దించి, తన బద్దని దానికి ఆనించి వెలుతురుకి పెట్టి చూశారు. కవలపిల్లల్లా ఉన్నాయి రెండూ.

ఇంక మిగిలింది ఒకటే. ఆయన కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూశారు, ఎవరైనా చూస్తున్నారేమోనని, దొంగతనానికి వచ్చినవాడిలా. తర్వాత తల్లి బద్దని పాత వల కన్నులో పెట్టారు.

అదీ వేలాడింది.

బావమరిది దుకాణంలో చిత్రిక పడుతున్నాడు. చుట్టూ చెక్క పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా పడి ఉంది. బల్ల మీద కొత్త తల్లి బద్ద తెల్లగా, నున్నగా, పాలపన్నులా మెరుస్తోంది.

"రా బావా, రా. ఏంటి, ఆరాటంగా ఉన్నావ్? మా అక్క తరిమిందా?"

మాస్టారు పాత వల బల్ల మీద పరిచి, ఆ కొత్త బద్ద తీసుకుని కన్నులో పెట్టారు. గోడ మీదున్నదానికంటే కూడా ఇది సన్నం. కన్నులో ఒక మూలకి పడి ఊరుకుంది.

చిత్రిక ఆగింది. "టీ చెప్పనా బావా?"

"ఎవరడిగార్రా?"

"టీయా?"

"నా దగ్గర వేషాలెయ్యకు. దీన్ని తగ్గించమని ఎవరడిగారు?"

వాడు చేతులకంటిన పొట్టు లుంగీకి తుడుచుకున్నాడు. "ఎవరడగలేదో అడుగు బావా. తొందరగా అయిపోతుంది."

మాస్టారు అక్కడున్న పెట్టె మీద కూలబడ్డారు.

"ఒక ఏడు చేప తగ్గింది," అన్నాడు బావమరిది. "అప్పుడు తల్లి బద్ద మార్చాలి కూడా. వచ్చి, వెంట్రుకవాసి తగ్గించవయ్యా, ఎవరికి తెలుస్తుంది అన్నారు. తగ్గించాను. ఆ ఏడు బుట్టలు నిండాయి. తర్వాత మళ్లీ తగ్గింది. మళ్లీ వచ్చారు. బద్ద మార్చినప్పుడల్లా పాతవన్నీ పొయ్యిలోకి పోయేవిగా, పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకోటి ఉండేది కాదు."

"తగ్గించినందుకేరా మళ్లీ తగ్గింది!"

"తెలుసు బావా."

"తెలుసా?"

"ఎందుకు తెలీదు? నీ క్లాసులో ముందు బల్ల మీద కూర్చున్నవాణ్ణి. నువ్వు చెప్పింది ఈ ఊళ్లో ఒక్కడూ మర్చిపోలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ పాఠం పాఠమే, బుట్ట బుట్టే."

మాస్టారు బడివైపు చెయ్యి చూపించారు. "మరి నాకెందుకు చెప్పలేదురా? ఇన్నేళ్లు ఆ గోడ ముందు నిలబడి గొంతు చించుకున్నాను. ఒక్క రోజు, ఒక్కడైనా..."

"నువ్వొప్పుకోవుగా." బావమరిది చిత్రిక పిడి తిప్పుతూ అన్నాడు. "అదొక్కటే కాదు బావా. నువ్వు ఆ మాటలు చెప్తుంటే వినడం మాకందరికీ ఇష్టం. ముసలమ్మ మూడు వేళ్లూ, పుట్టబోయే పిల్లలూ... బద్దల రోజు నువ్వు చెప్తుంటే, అంతసేపూ మేం మంచివాళ్లమే అనిపించేది. అది పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టంలేక."

ఆ మాటకంటే వాడు చిత్రికతో కొట్టినా బాగుండేది. మాస్టారు వల మడిచి సంచిలో పెట్టుకుని లేచారు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "బావా, నామీద కోపమా?" అని వినిపించింది. కోపమని పేరు పెట్టగలిగితే ఆయనకీ సులువుగానే ఉండేది.

ఇంటికొచ్చాక పాత వలని ఆయన వెలుతురులో పట్టుకుని, ముడి ముడీ చూశారు. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు.

"ఈ వల చిరగలేదు," అన్నారు.

"లేదు," అంది భార్య.

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"వాడు మొదటిసారి తగ్గించినప్పట్నుంచి. వచ్చి నా దగ్గర ఏడ్చాడు. బావకి చెప్పనని ఒట్టేయించుకున్నాడు." ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఈసారి ఇంకా తగ్గిస్తున్నాడని తెలిసింది. పాతవన్నీ మళ్లీ కాలుస్తారు. ఇంక నా వల్ల కాలేదు. చెప్పనని వాడికి మాటిచ్చాను గానీ, ఉల్లిపాయల సంగతి వాడికేం మాటివ్వలేదుగా."

ఇంకో రోజైతే మాస్టారు ఆ తెలివికి పొంగిపోయి నలుగురికీ చెప్పుకుని తిరిగేవారు. ఆ రోజు ఆయనకి వినిపించింది 'తెలుసు' అన్న మొదటి మాటే.

"ఒకే కంచంలో తిన్నాం కదే. ఇన్నేళ్లూ నా చెవిలో పువ్వు పెట్టి, ఎండిపోకుండా రోజూ నీళ్లు కూడా పోశావన్నమాట."

ఆవిడ కంచం పెట్టింది. ఆయన భోజనం చేయలేదు.

మర్నాడు పొద్దున్నే ఐసు షెడ్డు మెట్లెక్కారు. చేపల మేడమ్ తలుపు తీసి ఆయన్ని చూసి బిగుసుకుంది, ఈసారి ఏం ఎగతాళి తెచ్చాడోనని.

"క్లాసులో నిన్ను నవ్వులపాలు చేశానమ్మా. నువ్వు చెప్పిందే నిజం."

"నేను కొలిచింది మీ వలల్ని మాస్టారూ. మిమ్మల్ని కాదు."

"ఆరోజే నన్ను కూడా కొలిచేయాల్సింది."

ఆమె నవ్వలేదు గానీ కుర్చీ జరిపింది. పాత వల తీసుకుని చాలాచోట్ల కొలిచింది. తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుంది. "ఇదే కన్నుతో పడితే చెరువు తేరుకుంటుందండీ. కొన్నేళ్లు పడుతుంది, ఆ కొన్నేళ్లూ బుట్టలు సగమే నిండుతాయి. ఇప్పుడున్న కన్నుతో అయితే మాత్రం, ఈ బడి పిల్లలు పెద్దయ్యేసరికి వలే అక్కర్లేదు." కొలబద్ద పక్కన పెట్టి అడిగింది. "పుస్తకాల్లో ఇప్పుడు రాసుకుంటున్న కొలత ఇది. మీ పెద్దలకి అప్పట్లోనే ఎలా తెలిసింది?"

"ఆకలికి తెలిసిందమ్మా. మాకు ఆకలి లేదు, చదువొక్కటే ఉంది. చదివింది దాచుకోవడం కూడా నేర్చుకున్నాం."

బద్దల రోజు వచ్చింది. గది నిండా పిల్లలు, చేతుల్లో చెక్కముక్కలు, చిన్న కత్తులు. వరండా నిండా తల్లిదండ్రులు. చేపల మేడమ్ చివర స్తంభం దగ్గర నిలబడింది. బావమరిది కొత్త తల్లి బద్దని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాస్టారు విప్పిచూడలేదు. సంచిలోంచి ఉల్లిపాయల వల తీసి, నల్లబల్ల మేకుకి తగిలించారు.

వరండాలో చిన్న కదలిక. పాము కనపడ్డప్పుడు కోళ్లలో పుడుతుంది చూడండి, అలాంటిది.

"ఇది నేను మీ అంతున్నప్పుడు అల్లిన వల," అన్నారు మాస్టారు. "ఇందులో ఏముందో చెప్పండి చూద్దాం."

ముందు వరసలో జడలు బిగించి వేసుకున్న పిల్ల ఒకతె లేచింది. "కళ్లు పెద్దవి మాస్టారూ."

"ఎంత పెద్దవి?"

"పాతకాలం అంత."

"పాతకాలం కన్ను నువ్వెప్పుడు చూశావమ్మా?"

పిల్ల వరండాలో ఉన్న తండ్రివైపు చూసింది. తండ్రి ఆకాశంవైపు చూశాడు. "చూళ్లేదు మాస్టారూ. మా నాన్న చెప్పాడు. మీకు చెప్పొద్దని కూడా చెప్పాడు."

గదిలో కత్తి కిందపడిన చప్పుడు వినిపించింది.

"ఇంకా ఎవరెవరికి తెలుసు?"

ఒక చెయ్యి లేచింది. దాని పక్కది లేచింది. తర్వాత వరసలు వరసలుగా లేచాయి. ఆయన నేర్పినట్టే, మోచెయ్యి వంచకుండా, వేళ్లు దగ్గరగా చేర్చి, నిటారుగా. దించి ఉన్న చెయ్యి గదిలో ఒక్కటి లేదు, ఆయనది తప్ప.

మాస్టారు ఆ చేతుల్ని వరస వరసా చూసుకుంటూ వచ్చారు. "ఈ ఊళ్లో ఒకటే బడి ఉందనుకున్నాను," అన్నారు చివరికి, ఎవరితోనూ కాకుండా. "ఇంటింటికీ ఇంకో బడి నడుస్తోందన్నమాట. అందులో అందరూ పాసయ్యారు." తర్వాత పిల్లలవైపు తిరిగారు. "చేతులు దించండి. వడ్రంగిగారూ, ఇలా రండి."

బావమరిది అటూ ఇటూ చూశాడు, ఇంకెవరైనా వడ్రంగి ఉన్నాడేమోనని. పెళ్లైన నాటినుంచి 'ఒరేయ్' తప్ప ఇంకో పిలుపు ఎరగడు. ముందుకొచ్చాడు. మాస్టారు గుడ్డ విప్పి, కొత్త బద్ద తీసి, అందరూ చూస్తుండగా ఉల్లిపాయల వల కన్నులో పెట్టారు. అది వేలాడి, జారి, నేలమీద పడింది.

"తల్లిని కొలుస్తారా మాస్టారూ?" వరండాలోంచి ఒక పెద్దమనిషి గొంతు.

"కొలుస్తారు. ఇకమీదట ప్రతి ఏడూ ముందు తల్లినే కొలుస్తారు. కొలవకూడదని నేను నేర్పాను. కొలవకపోతే ఎలా మోసపోవచ్చో మీరు నేర్పారు. మీ పాఠమే గట్టిగా నాటుకుంది." ఆయన బావమరిదివైపు తిరిగారు. "ఇంకో చెక్క తీసుకురండి. ఇక్కడే చెయ్యండి."

వాడు వెళ్లి చెక్క, చిత్రిక తెచ్చుకున్నాడు. పిల్లల మధ్య కింద కూర్చుని పట్టడం మొదలుపెట్టాడు. కాస్త పట్టినప్పుడల్లా మాస్టారు చెక్క అందుకుని వల కన్నులో పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేవారు. ఆ ఊళ్లో వడ్రంగి పనిని ఎవరూ అలా చేతిలోంచి లాక్కుని పరీక్షించి ఎరగరు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చెమట చుక్క ముక్కు కొసన వేలాడుతున్నా తుడుచుకోలేదు. చివరికి ఒకసారి బద్ద కన్నులో కూర్చుంది. అటూ ఇటూ కదల్లేదు.

"సరిగ్గా ఉంది," అన్నారు మాస్టారు. పిల్లలవైపు తిరిగి, "గీతలు గీసుకోండి."

పిల్లలు గీసుకున్నారు, చెక్కుకున్నారు. వరండాలో వాళ్లు అలవాటుగా పాత బద్దలన్నీ పోగేసి పొయ్యిదగ్గరికి తెస్తుంటే ఆయన అడ్డుపడ్డారు. "కాల్చకండి. అన్నిట్నీ గోడకి తగిలించండి, తల్లి బద్ద కిందే. చెరువు ఎక్కడికి పోయిందని రేపెవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తాయి." ఆ ఏడు బద్దల రోజున ఆ బడిలో టీ కాగలేదు. మూతి తడి కాకుండానే జనం ఇళ్లకి పోయారు.

కొత్త బద్దలతో వలలు అల్లినవాళ్లు ఉన్నారు. అల్లినట్టు కనిపించి, సన్నకన్ను పాత వలే పడవ అడుగున దాచుకున్నవాళ్లూ ఉన్నారు. మాస్టారిప్పుడు ఎవరి మాటా నమ్మరు. చేపల మేడమ్‌ని వెంటబెట్టుకుని ఒడ్డు వెంట నడుస్తూ ప్రతి వలలోనూ తన మూడు వేళ్లూ పెట్టి చూస్తారు. చూసినవాళ్లు, "ఏంటి మాస్టారూ, నామీద కూడా నమ్మకం లేదా?" అంటారు. ఆయన పక్క వల అందుకుంటారు. చేప కథలు మానేశారు. అడిగితే, పెద్ద చేపలు ఎవరూ చూడలేదులే అంటారు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం బావమరిది వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. తన చోట కూర్చోకుండా, గడప పట్టుకుని నిలబడ్డాడు.

"బావా."

"రండి," అన్నారు మాస్టారు. "కూర్చోండి."

ఆ 'రండి' విని వాడి మొహం మాడిపోయింది. అక్క టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. మూల మేకుకి పాత వలే మళ్లీ వేలాడుతోంది. అందులోంచి గోలీకాయంత ఉల్లిపాయ ఒకటి జారి, నేలమీద పడి, దొర్లుకుంటూ వచ్చి బావమరిది కాలి బొటనవేలికి తగిలి ఆగింది.

వాడు తలెత్తి ఆశగా మాస్టారివైపు చూశాడు. పెద్దవయ్యాక రమ్మన్నానన్న ఆ మాట ఎప్పుడూ ఆయనే అనేవారు. నవ్వడం వాడి వంతు.

మాస్టారు టీ తాగుతున్నారు.

వాడు వంగి ఉల్లిపాయని తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలీక, గ్లాసు చల్లారిపోయేదాకా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు.